ఇకపై కొళాయి నీళ్లు చూశాకే ట్యాంకు కడుగుతాం

కర్నూలు, అనంతపురం, కడపల్లో మా దగ్గర సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు క్లీనింగు చేయించుకునే కస్టమర్లందరికీ నమస్కారం. పని తీరులో ఒక మార్పు చేస్తున్నాం. దీంతో మాకు కొంత ఆదాయం తగ్గుతుంది, మీకు కొంత ఖర్చు తగ్గుతుంది. కారణం చెప్పాలంటే మేయర్ల దాకా పోవాలి, కాస్త ఓపిగ్గా చదవండి.

"అన్నా, మీరు కడిగిపోయి వారం కాలే, మళ్లా కంపు కొడతాంది." ఆఫీసుకు వచ్చే ఫోన్లలో ఇప్పుడు ఎక్కువ ఇవే. మనిషిని పంపి చూస్తే ట్యాంకు గోడలు శుభ్రంగానే ఉంటాయి. అడుగున మాత్రం కొత్తగా నల్లటి మడ్డి పేరుకుని ఉంటుంది. అది వీధి పైపులోంచి వచ్చిన సరుకు. అట్లాంటి ఇంట్లో నెలనెలా క్లీనింగు చేస్తే మా బిల్లు పుస్తకం నిండుతుంది, మీ నీళ్లు మాత్రం అట్లాగే ఉంటాయి. తెలిసీ ఆ డబ్బు తీసుకోవడం మాకు ఇష్టం లేదు.

ముందు ఆ మురికి ఎట్లా వస్తుందో చూద్దాం. కర్నూలుకు తుంగభద్ర నీళ్లు, అనంతపురానికి పీఏబీఆర్ (పెన్నహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయరు) నీళ్లు, కడపకు పెన్న నీళ్లు. ఫిల్టర్ బెడ్ల దగ్గర బయలుదేరేటప్పుడు మూడూ తేటగానే ఉంటాయి. తేడా వచ్చేది వీధిలో. నీళ్లు వదిలినంతసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి లీకు ఉన్నచోట నీళ్లు బయటికి కారతాయి. వాల్వు కట్టేయగానే పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు అదే లీకు లోపలికి పీలుస్తుంది. ఆ లీకు మురికి కాలువలో మునిగి ఉంటే పీల్చేది కాలువ నీళ్లనే. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదటి ఐదు, పది నిమిషాలు ఆ సరుకే ముందు మీ సంపులోకి దిగుతుంది. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే వీధుల్లో ఈ బాధ ఎక్కువ, ఎందుకంటే పైపు ఖాళీగా ఉండే గంటలే ఎక్కువ.

మంచినీటి పైపుకూ మురుగు పైపుకూ మధ్య 3 మీటర్ల ఎడం ఉండాలన్నది ఇంజినీర్ల లెక్క. మన పాత వీధుల్లో సందు వెడల్పే అంత ఉండదు. అందుకని మెయిన్ పైపు నుంచి ఇంట్లోకి వచ్చే అరంగుళం జీఐ (జింకు పూత ఇనుప) పైపు మురికి కాలువను దాటి తీరుతుంది. దాటేచోట సగం మునిగి, సగం తేలి ఉన్న పైపు కింది వైపు నుంచి తుప్పు పట్టి సూది మొన అంత చిల్లులు పడుతుంది. పైనుంచి చూస్తే పైపు నిక్షేపంగా కనిపిస్తుంది. వేళ్లతో కింద తడిమితే గానీ తెలియదు. మేము తీసి చూపించిన పైపు ముక్కల్లో చిల్లులన్నీ కింది సగంలోనే ఉంటాయి.

ఇక పరీక్ష సంగతి. ఒక మాట ముందే చెప్పాలి: టీడీఎస్ మీటరు ఈ పనికి పనికిరాదు. అది కరిగిన ఉప్పుల్ని మాత్రమే కొలుస్తుంది. కాలువ నీళ్లు కలిసినా 300 చూపించవచ్చు, మంచి బోరు నీళ్లు 900 చూపించవచ్చు. 300 చూసి నిశ్చింతగా తాగేవాళ్లు చాలామంది ఉన్నారు. మేము చూసేది క్లోరిన్. కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తిరగాలి. రంగు రాలేదంటే, క్లోరిన్ కలపలేదని గానీ, కలిపినదంతా దారిలో మురికికే ఖర్చయిందని గానీ అర్థం. ఏది నిజమో తేల్చడానికి అదే వీధిలో, కాలువ దాటని ఇంకో ఇంటి కొళాయి కూడా చూడాలి. అక్కడ పసుపు వచ్చి మీ ఇంట్లో రాకపోతే లోపం మీ కనెక్షన్‌లోనే. రెండు చోట్లా రాకపోతే లోపం మెయిన్ పైపులోనో, పైన కార్పొరేషన్ ట్యాంకు దగ్గరో.

అనుమానం ఉంటే, మురుగు కలిసిందో లేదో రంగు మారి చూపించే హెచ్2ఎస్ సీసా కూడా ఇస్తాం. గీత దాకా నీళ్లు నింపి, మూత బిగించి, ఇంట్లోనే వెచ్చటి చోట 24 నుంచి 48 గంటలు ఉంచండి. నల్లబడితే మలమూత్రాల కలుషితం ఉన్నట్టే లెక్క. ఆ నీళ్లు ఫిల్టరులో పోసినా కాచకుండా తాగొద్దు. ఇక కొళాయి నీళ్లలో ఎర్రగా వచ్చి గంటలో అడుగుకు దిగేది తుప్పు. బూడిద రంగులో, నురగతో, వాసనతో వచ్చేది కాలువ.

కాబట్టి కొత్త పద్ధతి ఇది. క్లీనింగుకు ఫోన్ చేస్తే ముందు నీళ్లొచ్చే వేళకు మనిషి వచ్చి వీధి కొళాయి దగ్గర చూస్తాడు. లోపం వీధి వైపుదని తేలితే ఆ రోజు ట్యాంకు కడగం, పరీక్ష ఖర్చు వంద రూపాయలే తీసుకుంటాం. పైపు సంగతి తేలాక క్లీనింగు. ఏడాది కాంట్రాక్టు ఉన్నవాళ్లకు ఈ పరీక్ష ఉచితం. కాలువ దాటేచోట జీఐ తీసేసి, అతుకు లేని హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు వేసి, దానికి పెద్ద పీవీసీ పైపు తొడుగు వేయడం మా ప్లంబర్లు చేస్తారు. అయితే రోడ్డు తవ్వాలంటే కార్పొరేషన్ అనుమతి మీ పేరు మీద తేవాలి. రాత్రికి రాత్రి తవ్వేద్దాం అంటే మేము రాం.

ఈలోగా సంపును కాపాడుకోవడానికి ఒక చిన్న ఏర్పాటు ఉంది: సంపుకు ముందు ఒక టీ (పైపును రెండుగా చీల్చే మూడు మూతుల ముక్క), రెండు బాల్ వాల్వులు, ఒక అడుగు పైపు. నీళ్లు రాగానే సంపు వాల్వు కట్టేసి, బయటి వాల్వు తెరిచి మొదటి పది నిమిషాలు బయటికి వదిలేయాలి. బకెట్లో పట్టి వాకిలి కడగడానికో, బాత్రూముకో వాడుకోవచ్చు, కూరగాయల మడికి మాత్రం వద్దు. సంపులోకి దిగే పైపు మూతి నీళ్లలో మునగకుండా ఓవర్‌ఫ్లో కన్నా పైన ఉండాలి. మునిగి ఉంటే వీధి వాల్వు కట్టేసినప్పుడు మీ సంపు నీళ్లే వెనక్కి పోయి పక్కింటికి చేరతాయి.

కొందరికి కోపం రావచ్చు గానీ చెప్పక తప్పదు. కొళాయికి నేరుగా మోటారు తగిలించే ప్రతి ఇల్లూ ఈ పాపంలో భాగస్తురాలే. మోటారు పీల్చేది నీళ్లనే కాదు, చిల్లుల దగ్గర కాలువను కూడా. మోటారు ఉన్న ఇంటికి నీళ్లు ఎక్కువ రావచ్చు, మురికీ ఎక్కువ వస్తుంది, పైగా చివరి ఇళ్లకు చుక్క పోదు. సంపులోకి నీళ్లు పడనిచ్చి, సంపు నుంచి మోటారు పెట్టుకోండి. నేరుగా మోటారు బిగించమని మమ్మల్ని అడగొద్దు.

ట్యాంకు మురికి పడ్డాక శుద్ధి చేసుకోవాలంటే, వెయ్యి లీటర్లకు 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరు. కొత్త ప్యాకెట్ అయి ఉండాలి, తెరిచి పెట్టినది బలం పోతుంది. ప్లాస్టిక్ బకెట్లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి పైతేట మాత్రమే పోయాలి. అడుగున మిగిలే సున్నం పోస్తే ఫ్లోట్ వాల్వు బిగుసుకుంటుంది. రాత్రంతా ఉంచి, కొళాయిలన్నీ తిప్పి పొద్దున ఖాళీ చేయాలి. ఆర్వో మిషను లైను ముందే కట్టేయండి, లేకపోతే మెంబ్రేన్ పాడవుతుంది. బాత్రూం యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది, ప్రాణాలు పోతాయి. సంపులోకి ఒంటరిగా దిగవద్దు.

ఇప్పుడు మేయర్ల సంగతి. మూడు ఊళ్లలోనూ కస్టమర్లు ఉన్నారు కాబట్టి ఏ ఊరి మేయరనీ పేరు పెట్టి రాయం, ఏ పార్టీ అనీ రాయం. మీ ఫిర్యాదులు మాత్రం అన్ని చోట్లా ఒకే రాగం: భూమిపూజ అయింది, పైపులు వీధి చివర కుప్పగా పడి ఉన్నాయి, ఫోన్ చేస్తే "చూస్తాం" అంటారు, కౌన్సిల్ వాయిదా. ఆ విసుగు న్యాయమైనదే. కానీ చాలామంది అడగాల్సిన మాట వదిలేసి వేరేది అడుగుతున్నారు.

వాల్వు తిప్పేది, లీకు పూడ్చేది మేయరు కాదు. అది కమిషనర్ కింద ఇంజినీరింగ్ విభాగం పని: వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ, ఆయన పైన ఏఈ, డీఈ అనే ఇంజినీర్లు. మేయరు పని కౌన్సిల్ నడపడం. సర్వసభ్య సమావేశం వేళకు పెట్టించడం, అజెండాలో ఏ అంశం రావాలో చూడడం, నిధులకు తీర్మానం చేయించడం, పోయినసారి చేసిన తీర్మానం ఎందుకు కదలలేదని కమిషనర్‌ను సభలో నిలదీయడం. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలులో నీటి సరఫరా, పారిశుధ్యం రెండూ నగరపాలక సంస్థలకు అప్పగించదగిన అంశాలుగానే ఉన్నాయి. "నీళ్లు రాలేదు" అని మేయరును అడిగితే ఇంజినీరుకు ఫోన్ చేసి మీ ఎదుటే తిట్టి పంపేస్తారు. మీకూ తృప్తి, ఆయనకూ తృప్తి. "మా వీధి పైపులైను అజెండాలో ఎందుకు లేదు" అని అడిగితే తప్పించుకోవడం కష్టం.

మేయరు అసలు లేకపోతే ఏమవుతుందో కర్నూలు వాళ్లకు తెలుసు, 2010 తర్వాత 2021 దాకా అక్కడ ఎన్నికైన పాలకవర్గమే లేదు. అధికారుల పాలనలోనూ పైపులు తుప్పు పట్టడం ఆగలేదు. తేడా ఒక్కటే, అప్పుడు అడగడానికి మనిషి లేడు. కౌన్సిల్ ఉండి కూడా కోరం (సరిపడా సభ్యుల హాజరు) లేదనో, ప్రోటోకాల్ గొడవనో సమావేశం నడవకపోతే అది ఇంకా పెద్ద తప్పని మా అభిప్రాయం.

ఫిర్యాదు ఎట్లా రాస్తే మూతపడదో కూడా చెబుతాం. "మా వీధిలో మురికి నీళ్లు" అని రాస్తే రెండు రోజుల్లో "పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది. అందుకని డోర్ నంబరు, దగ్గరి కరెంటు స్తంభం నంబరు, నీళ్లొచ్చే వేళ, ఎన్ని ఇళ్లలో ఇదే బాధ, క్లోరిన్ పరీక్షలో రంగు వచ్చిందా లేదా, ఇవన్నీ రాయండి. మొదటి నిమిషం నీళ్లు ఒక గాజు సీసాలో, పదో నిమిషం నీళ్లు ఇంకో సీసాలో పట్టి పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి. ముందు వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. కదలకపోతే ప్రభుత్వ ఫిర్యాదుల ఫోన్ నంబరు 1100కు చెప్పండి, ఆ తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో పాత రసీదు నంబరు వేసి ఇవ్వండి. ఒక్కరు కాదు, ఆ పైపు మీద ఉన్న ఇళ్లన్నీ సంతకం పెట్టాలి.

దానితోపాటు మీ కార్పొరేటరుకు ఒక కాగితం, మేయరు పేషీకి ఒక కాగితం ఇచ్చి, ఈ అంశాన్ని వచ్చే సమావేశం అజెండాలో పెట్టమని రాతపూర్వకంగా కోరండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడగండి: గత మూడు సమావేశాల అజెండా, తీర్మానాల నకళ్లు, మీ వీధి పనికి ఒప్పందం తేదీ, గడువు తేదీ, ఎం-బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు, మీ వీధికి నీళ్లిచ్చే కార్పొరేషన్ ట్యాంకు క్లోరిన్ పరీక్షల రిజిస్టరు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే పై అధికారికి మొదటి అప్పీలు వేయవచ్చు. "ఎందుకు చేయలేదు" అని అడగకండి, దానికి జవాబివ్వక్కర్లేదని తిప్పి పంపుతారు. కాగితాలే అడగండి.

పరీక్ష ఫలితం మేము తేదీ, సమయం వేసి, స్టాంపు కొట్టిన చీటీ మీద రాసిస్తాం, ఫిర్యాదుకు జత చేసుకోవచ్చు. పరీక్ష నీళ్లొచ్చే వేళకే చేయాలి కాబట్టి మీ వీధికి ఏ రోజు, ఎన్ని గంటలకు వదులుతారో బుకింగ్ అప్పుడే చెప్పండి. తెల్లవారుజామున వదిలే వీధుల వాళ్లు ముందురోజు సాయంత్రం ఆరులోపు ఫోన్ చేయాలి.