రొయ్య పిల్లలు వదిలిన లెక్క సరే, పట్టిన లెక్క ఎక్కడ?

గౌరవనీయులైన తెలంగాణ మత్స్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గంగపుత్రుల ఇంట్లో పుట్టి, ఫిషరీస్ చదువుకుని, హైదరాబాద్‌లో ఉంటున్నవాణ్ణి. చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలు వదిలే పథకం 2016లో మొదలైంది, తర్వాత రొయ్య పిల్లలూ వచ్చి చేరాయి. పథకం ఆపమనడం లేదు. దానివల్ల మావాళ్లకు ఎంత దక్కుతోందో కొలవమని అడుగుతున్నాను.

ఇన్ని కోట్ల పిల్లలు వదిలాం అన్న మాట ఏటా వింటున్నాం. అది ఖర్చు లెక్క. వాటిలో ఎన్ని వలకు చిక్కాయి, మత్స్యకారుల సొసైటీ సభ్యుడి చేతికి ఎంత వచ్చింది?

చేపల్లో ఇది తేల్చడం కష్టమే. బొచ్చె, రవ్వ లాంటివి పెద్ద రిజర్వాయర్లలో వరదలప్పుడు సొంతంగానూ గుడ్లు పెట్టొచ్చు. ఈ పథకంలో వదిలే నీలకంఠ రొయ్య సంగతి వేరు. దాని పిల్ల బతకాలంటే మొదటి కొన్ని వారాలు ఉప్పు కలిసిన నీళ్లు కావాలి. అందుకే తల్లి రొయ్య గుడ్లతో నది దిగి సముద్రపు మొగ వైపు పోతుంది, పిల్లలు మళ్లీ ఎదురెక్కి వస్తాయి. ఇన్ని డ్యాములు దాటుకుని మంజీర మీది సింగూరు రిజర్వాయర్ దాకా ఏ పిల్లా రాలేదు. అక్కడ నీలకంఠ రొయ్య దొరికిందంటే ఎవరో తెచ్చి వదిలిందే. ఇంత సులువుగా లెక్క తేలే అవకాశాన్ని వదులుకోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

నార్వేలోని క్విట్సోయ్ దగ్గర 1990–94 మధ్య హేచరీలో పెంచిన లాబ్‌స్టర్ పిల్లల్ని లక్షకు పైగా సముద్రంలో వదిలారు. పెంకు విడిచినా పోకుండా ఒక్కోదాని ఒంట్లో సన్నని లోహపు గుర్తు పెట్టారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి పట్టుబడిలో వాటిని వెతికారు. సహజంగా పుట్టినవి కూడా అక్కడే ఉన్నాయి కాబట్టి అంత శ్రమ తప్పలేదు. మనకు కాటా, రిజిస్టర్ ఉంటే చాలు.

కానీ కాటా ఒడ్డునే ఉండాలి. దళారి తూకం వేసుకుని పోయాక, రాంనగర్ మార్కెట్లో ఆ రొయ్య కోస్తా చెరువుల సరుకుతో కలిసిపోతుంది.

వదిలేటప్పుడూ అంతే. ఆక్సిజన్ సంచిలో గాజులా ఉండే పిల్లల్ని కంటితో ఎవరూ లెక్కపెట్టలేరు. సంఘం వాళ్ల ఎదుట కొన్ని సంచులు విప్పించండి. తెల్ల గిన్నెలో పోసి, చచ్చినవి పక్కకు తీసి, మిగిలినవి లెక్కించి, సైజు కూడా రాయించండి. సెంటీమీటరు పిల్ల కొరమీనుకు ఒక్క గుటక. నర్సరీలో కొన్నాళ్లు పెంచి వదిలితే బతికేవి పెరుగుతాయి, ఖర్చూ పెరుగుతుంది. ఏది గిట్టుబాటో తెలియాలంటే రెండు సైజులూ వేర్వేరు చెరువుల్లో వదిలి చూడాలి.

కొన్ని చెరువులకు ఒక ఏడాది రొయ్య పిల్లలు ఆపాలి కూడా. రొయ్య వల్ల మొత్తం రాబడి పెరిగిందో, చేపలు తగ్గి సరికి సరి అయిందో అప్పుడే తెలుస్తుంది. ఆ సంఘాలకు మరుసటి ఏడాది ముందుగా ఇస్తామని రాతపూర్వకంగా హామీ ఇవ్వండి, లేకపోతే ఎవరూ ఒప్పుకోరు.

వానలు పడి పిల్లల లారీలు కదలకముందే ఈ ఆదేశాలు మాసబ్ ట్యాంక్ కార్యాలయం నుంచి జిల్లాలకు వెళ్లాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక గంగపుత్రుడు, హైదరాబాద్