ఐరోపా రాజుల పెళ్లి పతకాలు మన పురావస్తువులా?

గౌరవనీయులైన కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఐరోపా రాజవంశాల పెళ్లిళ్లకు గుర్తుగా వేసిన పాత పతకాలను సేకరించేవాణ్ని. నాలాంటివాళ్లు దేశంలో తక్కువే. మాకు ఓటుబ్యాంకు లేదు, సంఘబలమూ లేదు. అయినా 1972 నాటి పురావస్తువుల చట్టం మీ శాఖ చూసేదే కాబట్టి మీకే మొరపెట్టుకోవాలి.

ఆ చట్టం లెక్కలో నూరేళ్లు నిండిన నాణెం, శిల్పం, చిత్రం, పనితనమున్న మరే వస్తువైనా పురావస్తువే. దాన్ని దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికీ, అది అనుమతించిన సంస్థకూ తప్ప ఎవరికీ లేదు. మీరితే కనీసం ఆరు నెలల జైలు. గుళ్లలో విగ్రహాలు మాయమై విదేశీ మ్యూజియంలలో తేలుతున్నాయి కదా, ఈ కట్టడి ఉండాల్సిందే. నా పేచీ ఒక్కటే: వస్తువు ఏ దేశంలో తయారైందో ఆ నిర్వచనం పట్టించుకోదు.

1923 ఏప్రిల్ 26న లండన్‌లో డ్యూక్ ఆఫ్ యార్క్‌కూ (తర్వాత ఆరో జార్జ్ రాజు అయినవాడు) ఎలిజబెత్ బోవ్స్ లయన్‌కూ పెళ్లయింది. ఆ పెళ్లికి అప్పట్లో వేసిన పతకం నా దగ్గరుంటే, 2023 ఏప్రిల్ దాకా అది మామూలు వస్తువు. నూరేళ్లు దాటాక పురావస్తువు. అక్కడి వేలంలో కొని, ఇక్కడ సుంకం కట్టి తెచ్చుకున్నా, తిరిగి అక్కడి సేకర్తకు మార్పిడిగా ఇవ్వలేను. మార్పిడి లేకపోతే సేకరణ ఎదగదు. రెండేసి ఉన్నవి పెట్టెలో మూలుగుతాయి, కావలసినవి రావు.

వయసు తేల్చడం మరో చిక్కు. 1810లో నెపోలియన్ ఆస్ట్రియా రాకుమారి మేరీ లూయీజ్‌ను పెళ్లాడినప్పుడు వేసిన పతకం మీద ఇద్దరి తలలూ పక్కపక్కనే ఉంటాయి. ఆ పాత అచ్చులతోనే పారిస్ టంకశాల తర్వాత్తర్వాత కూడా పతకాలు వేసింది. 1832 నుంచి అంచు మీద గుర్తు కొట్టడం మొదలుపెట్టింది: ముందు దీపం, తర్వాత లంగరు, ఓడ ముక్కు, వేలు చూపే చెయ్యి, 1860 నుంచి తేనెటీగ, 1880 నుంచి పళ్లు నిండిన కొమ్ము. అంచు నున్నగా ఉంటే ఒక ధర, కొమ్ము ఉంటే ఇంకో ధర. ముఖం మీద 1810 అని చూసి నిన్నగాక మొన్న వేసినదాన్నీ పురావస్తువు అనేయవచ్చు. పురావస్తువో కాదో తేల్చి అంతిమ మాట చెప్పేది పురావస్తు శాఖే. కాబట్టి పరీక్షించే అధికారి భూతద్దంతో అంచు కూడా చదవాలి.

అన్నీ మనవి కానివే అనను. 1661 ఒప్పందంలో పోర్చుగల్ రాకుమారి కేథరిన్‌కు కట్నం కింద బొంబాయిని రాసిచ్చారు. మరుసటేడు ఆమెకు ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్‌తో పెళ్లయింది. 1668లో ఆయన ఆ ఊరిని ఏడాదికి పది పౌన్ల అద్దెకు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. ఆ దంపతుల ముఖాలతో 1670లో వేసిన పతకానికి వెనకవైపు భూగోళం ఉంటుంది. అలాంటిది ఇక్కడే ఉండిపోతే నాకు సంతోషమే, మీ మ్యూజియం ఏదైనా కొనుక్కున్నా సరే. కానీ 1625లో ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్, ఫ్రాన్స్ రాకుమారి హెన్రియెట్టా మరియాల పెళ్లికి వేసిన చిన్న వెండి బిళ్లకు మనతో ఏం చుట్టరికం? దాని మీద మన్మథుడు ఇంగ్లండ్ గులాబీలూ ఫ్రాన్స్ లిల్లీలూ చల్లుతుంటాడు. ముచ్చటైన బిళ్లే, మన వారసత్వం మాత్రం కాదు.

విదేశంలో తయారై, దిగుమతి కాగితాలతో వచ్చిన పతకాలను అవే కాగితాలు చూపితే తిరిగి పంపుకునేలా చట్టానికి ఒక సవరణ తెండి. వచ్చేటప్పుడే కస్టమ్స్‌లో రెండు వైపులా, అంచుతో సహా ఫొటో తీసి నమోదు చేయించండి, పోయేటప్పుడు సరిచూసుకోవచ్చు. కాగితాల్లేని పాత సరుకుకు ఈ వెసులుబాటు వద్దు. దొంగసరుకు దూరేది ఆ సందులోంచే.

భవదీయుడు,
ఒక పతకాల సేకర్త, హైదరాబాద్