పాటకి పనిచేసిన వాళ్ల పేర్లు ఎక్కడ?

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ విశాఖ పేజీలో భీమిలి దగ్గర తీసిన ఒక జానపద పాట గురించి ఫొటోతో సహా వేశారు. సంతోషం. మన ఊళ్లో తీసే ప్రైవేటు పాటలకి పత్రికలో అంత చోటు దొరకడం అరుదు. అయితే ఆ వార్తలో నటించిన జంట పేర్లు ఉన్నాయి, పాడినమ్మాయి పేరు ఉంది, యూట్యూబ్ ఛానెల్ పేరైతే రెండుసార్లు ఉంది. మిగతావాళ్లంతా ‘యూనిట్ సభ్యులు’ ఖాతాలోకి వెళ్లిపోయారు. పాట ఎవరు రాశారో, బాణీ ఎవరు కట్టారో, కెమెరా ఎవరు పట్టారో చదివినవాళ్లకి తెలియదు. ఇందులో మీ విలేకరి తప్పేమీ లేదు. ఛానెల్ వాళ్లు పంపిన కాగితం చూసి రాసి ఉంటారు. అసలు ఆ కాగితంలోనే మిగతా పేర్లు ఉండవు. అలాంటి కాగితాలు టైపు చేసేవాళ్లలో నేనూ ఒకదాన్ని కాబట్టి చెప్తున్నాను.

నేను వీడియో ఎడిటర్‌ని. సీతమ్మధారలో ఒక మ్యూజిక్ వీడియో కంపెనీకి పనిచేస్తాను. కంపెనీ అనగానే అద్దాల మేడ ఊహించుకోకండి. రెండు గదుల ఫ్లాటు, ఒక ఏసీ, రెండు కంప్యూటర్లు, గోడకి ఛానెల్ బోర్డు. ప్రొడ్యూసరు, డైరెక్టరు, నేను రోజూ ఉంటాం. మిగతావాళ్లు పాట ఉన్నప్పుడు వస్తారు. కెమెరామన్ తన కెమెరా తనే తెచ్చుకుంటాడు. మేకప్ చేసే అమ్మాయే బట్టలు కూడా చూసుకుంటుంది, చీర కుచ్చిళ్లకి పిన్నులు పెడుతూనే టిఫిన్లు ఎవరికి అందలేదో కూడా ఆమే చూస్తుంది. పేర్లు వేయండని అడుగుతూ నా పేరు మాత్రం దాచుకున్నానని మీకు నవ్వు రావచ్చు. రేపు పొద్దున్న మళ్లీ ఆ కుర్చీలోనే కూర్చోవాలి కదండీ.

నాలుగు నిమిషాల పాట వెనుక పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పనివ్వండి. మన సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, సాయంత్రం కొండల వెనక్కి పోతాడు. నీళ్ల మీద బంగారు రంగు కావాలంటే చీకటితోనే లొకేషన్‌లో ఉండాలి. జూన్‌లో ఐదున్నర లోపే ఎండ మొదలవుతుంది. అంటే హీరోయిన్ తయారవడానికి మేకప్ అమ్మాయి అర్ధరాత్రి దాటాక లేచి బయల్దేరాలి. కొత్త ప్రొడ్యూసర్లు చాలామంది గోవా పాటల్లోలాగా సూర్యుడు సముద్రంలో మునిగే షాట్ అడుగుతారు. ఇక్కడ దొరకదండీ అంటే, సూర్యోదయం తీసి దాన్ని వెనక్కి తిప్పి వేసేయమ్మా అన్నాయన కూడా ఉన్నారు. అలలు కూడా వెనక్కి నడుస్తాయి సార్ అని చెప్పాల్సి వచ్చింది.

డ్రోన్ సంగతి ఇంకో తలనొప్పి. తూర్పు నౌకాదళ కేంద్రం మన ఊళ్లోనే ఉంది, మన విమానాశ్రయం రన్‌వే కూడా నేవీదే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రెడ్ జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా డ్రోన్ లేపకూడదు. డైరెక్టర్లకేమో ప్రతి పాటలోనూ పైనుంచి షాట్ కావాలి. మ్యాపు తెరిచి ఇక్కడ కుదరదు, ఇంకా అవతలికి వెళ్దాం అని చెప్పే కుర్రాడు లేకపోతే కంపెనీ పోలీస్ స్టేషన్‌లో కూర్చోవాలి. ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఒకసారి డైరెక్టరు జనరేటర్ వ్యాన్‌ని దిబ్బల మీదకే ఎక్కించమంటే, అది దేశం గుర్తించిన భూవారసత్వ స్థలం, చక్రాల జాడ పడితే ఎవరు పూడుస్తారు అని మా కెమెరామన్ పోట్లాడి ఆపాడు. వ్యాన్ రోడ్డు మీదే ఉండిపోయింది, కేబుల్ లాక్కోవడానికి గంట పట్టింది. ఆ రోజు తీసిన పాటని జనం బాగానే చూశారు. పేర్ల కార్డులో అతని పేరు ఇంటిపేరు లేకుండా, తప్పు స్పెల్లింగుతో వచ్చింది. నాకు పంపిన లిస్టులోనే అలా ఉంది. అడిగితే ‘వేసేయమ్మా, టైం లేదు’ అన్నారు.

లొకేషన్‌లో పాట వేసే కుర్రాణ్ని చూసేవాళ్లు పట్టించుకోరు. అతను పాట వేసే పెట్టెని పాత అలవాటు కొద్దీ ఇప్పటికీ నాగ్రా అనేవాళ్లున్నారు, అది ఒకప్పటి టేప్ రికార్డరు పేరు. ఇప్పుడది ల్యాప్‌టాప్, పెద్ద స్పీకరు. స్లో మోషన్‌లో నడిచివచ్చే అమ్మాయి పెదాలు పాటకి ఎలా కలుస్తాయో ఎప్పుడైనా ఆలోచించారా? కెమెరా సెకనుకి 48 ఫ్రేములు తీస్తుంది, పాటని రెట్టింపు వేగంతో వేస్తారు. ఆ గబగబ పాటకి ఆ అమ్మాయి గబగబా పెదాలు కదుపుతుంది. ఎడిటింగ్‌లో దాన్ని 24 ఫ్రేములకి తెస్తే నడక నిదానమవుతుంది, లిప్ మూమెంట్ మాత్రం పాటతో అతుక్కుంటుంది. ఆ కుర్రాడు ఒక్క బిట్ తప్పు వేగంతో వేస్తే పొద్దుటి వెలుతురంతా వృథా. పాట విడుదలైనప్పుడు అతని గొంతు ఎవరికీ వినపడదు. నాకు వినపడుతుంది. కెమెరాలో రికార్డయిన సౌండులో అలల హోరు, రోడ్డు మీద ఆటోల హారన్లు, డాన్స్ మాస్టర్ అరిచే ‘ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్’, వాటి మధ్యలో ‘రెండో చరణం, రెడీ’ అని ఆ కుర్రాడి కేక. ఆ శబ్దాలు పట్టుకునే ఏ షాట్ ఎక్కడిదో కలుపుకుంటాను, చివర్లో వాటినే తీసేస్తాను.

ఇక పేర్ల విషయం. వీడియో మొదట్లో కార్డు వేస్తే జనం స్కిప్ చేస్తారని చివరికి తోస్తారు. చివర్లో వేస్తే పాట అయిపోగానే ఇంకో వీడియోకి బొమ్మ పెట్టాలి కాబట్టి ఆ చోటూ పోతుంది. మిగిలింది వీడియో కింద డిస్క్రిప్షన్. అక్కడ ముందు ఛానెల్‌ని సబ్‌స్క్రైబ్ చేయమని, తర్వాత ఇన్‌స్టా లింకు, తర్వాత రింగ్‌టోన్ సంగతి, వ్యాపార ప్రకటనలకి సంప్రదించాల్సిన నెంబరు. ఫోన్‌లో ‘మోర్’ నొక్కినవాళ్లకే పేర్లు కనపడతాయి. షార్ట్స్‌గా కోసి పెట్టినప్పుడు అవీ ఉండవు. ఇప్పుడు పాటని జనం ముందు చూసేది షార్ట్స్‌లోనే.

ఆడియో యాప్‌లకి పాట పంపేటప్పుడు ఇంకా పెద్ద నష్టం జరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ ఫారంలో కంపోజర్ ఎవరు, లిరిసిస్ట్ ఎవరు అని గడులుంటాయి. నా పక్క కంప్యూటర్‌లోనే నింపుతారు. తొందరలో రెండు గడుల్లోనూ కంపెనీ పేరే కొట్టేయడం నేను చూశాను. ఇది అక్షరదోషం లాంటిది కాదు, డబ్బుతో ముడిపడిన విషయం. 1957 కాపీరైట్ చట్టం లెక్కలో వీడియోకీ, సౌండ్ రికార్డింగుకీ హక్కుదారు నిర్మాతే. పెట్టుబడి ఆయనది, కాదనను. కానీ 2012లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు, పాట రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ రాయల్టీలో సమాన వాటా ఉండాలన్నారు. వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఆ వాటా ఇంకెవరికి రాసిచ్చినా చెల్లదు. అలా వసూలు చేసి పంచడానికి ఐపీఆర్ఎస్ అనే కాపీరైట్ సొసైటీ ఉంది. అయితే అందులో సభ్యత్వం ఉండాలి, పాట ఆ మనిషి పేరు మీద నమోదై ఉండాలి. గడిలో కంపెనీ పేరుంటే రాసినాయన ఎక్కడని వెతుక్కుంటాడు? అక్కయ్యపాలెంలో ట్యూషన్లు చెప్పుకుంటూ పాటలు రాసే ఒకాయన నాకు తెలుసు. పాటకింత అని చేతిలో పెడితే తీసుకుని వెళ్లిపోతాడు. ఆయనకి ఈ సంగతి నేను చెప్పేదాకా ఎవరూ చెప్పలేదు.

సంతకం పెట్టే కాగితం గురించి కూడా ఒక మాట. ఎన్నేళ్లకి ఇస్తున్నారో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు, ఏ దేశాలకో రాయకపోతే భారతదేశానికే ఇచ్చినట్టు చట్టం లెక్కేస్తుంది. అందుకే ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన ఒప్పందాల్లో ‘శాశ్వతంగా, విశ్వమంతటా’ అని ఉంటుంది. రేపు చంద్రుడి మీద మన డప్పు పాట మోగినా వాళ్లదే! నవ్వులాటకి బాగానే ఉంటుంది కానీ, ఆ లైను చదివి సంతకం పెట్టినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు.

జానపదం దగ్గరికొచ్చేసరికి ఇది మరీ ఘోరం. ఉత్తరాంధ్ర పాటలకి ఇప్పుడు మంచి గిరాకీ ఉంది. ఎస్.కోట వైపో, చోడవరం వైపో వెళ్లి, నాట్లు వేసే ఆడవాళ్లచేత పాడించుకుని ఫోన్‌లో రికార్డు చేసుకుని వస్తారు. ఆ రికార్డింగులు నేను విన్నాను. ఒక దాంట్లో పెద్దావిడ పాడటం అయ్యాక ‘నా పేరెందుకు బాబూ, పాట బాగుంటే సాలు’ అంటుంది. అనేసింది కదాని వదిలేశారు. పాట బయటికి వచ్చేసరికి ‘సేకరణ’ దగ్గర ఛానెల్ ఓనరు పేరు. అరకు నుంచి థింసా ఆడేవాళ్లని పిలుస్తారు, హీరో హీరోయిన్ల వెనక వరసలో పొద్దంతా ఆడిస్తారు. వాళ్ల ఊరి పేరైనా రాయరు.

దీనికి తోడు కంటెంట్ ఐడీ, అంటే ముందే నమోదైన పాటని పోలిన వీడియోలని యూట్యూబ్ దానంతటదే పట్టుకునే ఏర్పాటు. మా అమ్మ పుట్టిన ఊళ్లో తప్పెటగుళ్ల బృందం జాతరలో ఆడిన వీడియోని మా బంధువుల అబ్బాయి యూట్యూబ్‌లో పెట్టాడు. కొన్నాళ్లకి దాని మీద ఒక కంపెనీ క్లెయిమ్ పడింది. ఆ కంపెనీ అదే బాణీకి కీబోర్డు కట్టి ముందే అప్‌లోడ్ చేసుకుంది. తాతల కాలం నుంచి పాడుకుంటున్నవాళ్లు తమ పాట తాము పెట్టుకుంటే ప్రకటనల డబ్బు ఇంకొకరికి! నిజానికి తమ ఒక్కరికే హక్కున్న వాటినే కంటెంట్ ఐడీలో పెట్టాలని యూట్యూబ్ నియమమే ఉంది. క్లెయిమ్ మీద అభ్యంతరం చెప్తే అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి. కానీ కేసేదో అవుతుందన్న టెన్షన్‌తో ఆ అబ్బాయి వీడియోనే తీసేశాడు.

ఇంకో సంగతి. పల్లె యాసలో ఉన్న ప్రతి పాటా ఊరుమ్మడి సొత్తు కాదు. పార్వతీపురం వైపు పుట్టి 2020లో కన్నుమూసిన వంగపండు ప్రసాదరావు గారి పాటలు ఊరూరా జనం నోట ఉన్నాయి. చాలామంది వాటిని ఎప్పటివో జానపదాలనుకుంటారు. ఆయన సొంతంగా రాసినవి అవి. రాసినవాళ్లు పోయాక 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది కాబట్టి 2080 ఆఖరు దాకా వాటికి హక్కుదారులున్నట్టే. అడగకుండా తీసుకుని ‘ఫోక్’ అని ముద్ర వేస్తే సరిపోదు.

కంపెనీల వాళ్లంతా దోచుకుంటున్నారని నేననడం లేదు. మీ పత్రికల్లో కోటి వ్యూస్ వచ్చిన పాట గురించే వస్తుంది. అలాంటిది ఒకటి తగిలేలోపు ఎన్ని పాటలు మూలపడ్డాయో నా హార్డ్ డిస్కులు చెప్తాయి. మా ప్రొడ్యూసరు ఒక పాటకి ఇంట్లో బంగారం తాకట్టు పెట్టారు. పాట ఆడకపోయినా డాన్సర్ల బేటా డబ్బులు ఆ రోజుకారోజు ఇచ్చేశారు, అది నేను చూశాను. డబ్బు లేక ఇవ్వలేకపోవడం నాకు అర్థమవుతుంది. పేరు వేయడానికి ఏం ఖర్చవుతుంది? నాలాంటి ఎడిటర్లకి, కెమెరామన్లకి, మేకప్ వాళ్లకి చట్టం రాయల్టీ ఏమీ పెట్టలేదు. మాకు మిగిలేదల్లా పేరే. ఫలానా పాట మీరే చేశారటగా అని హైదరాబాద్ నుంచి ఒక ఫోన్ రావాలంటే అది ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. లేకపోతే మనిషి మంచివాడో కాదో అని ఇంకొకరిని అడిగి తెలుసుకుంటారు, ఆ ఇంకొకరికి మనమంటే పడకపోతే అంతే సంగతులు. ఆడవాళ్లకి ఇది ఇంకొంచెం ఎక్కువ. నా ఎడిటింగ్ చూసి ‘ఎవరు చేశారు, ఆ అబ్బాయి నెంబరివ్వండి’ అని అడిగినవాళ్లున్నారు.

షూటింగ్ మొదలుకాకముందే ఒక కాగితం మీద అందరి పేర్లు బ్యాంకు పాస్‌బుక్‌లో ఉన్నట్టు రాసుకుని, ఎవరు ఏం చేశారో, ఎంతకి ఒప్పుకున్నారో పెట్టుకుంటే సగం గొడవ ఉండదు. అదే లిస్టు డిస్క్రిప్షన్‌లో పైన, ఆడియో ఫారంలో, మీలాంటి పత్రికలకి పంపే కాగితంలో పెట్టాలి. పాట ఏ ఊరి నుంచి, ఎవరి నోటి నుంచి వచ్చిందో ఆ మనిషి పేరు, ఊరు కూడా. కంపెనీలు వాటంతటవి చేస్తాయన్న నమ్మకం నాకు తక్కువ. మీ విలేకరి వార్త రాసేముందు రాసిందెవరు, బాణీ ఎవరిది, ఎక్కడ సేకరించారు అని అడిగితే మాత్రం చేస్తాయి. పేపర్లో పడాలని అందరికీ ఉంటుంది మరి.

మీరు వేసిన పాటకి ఎడిటింగ్ నాది కాదు, ఆ కంపెనీ మాది కాదు. కానీ అందులో డప్పు వాయించినాయన మా పాటలకీ వాయిస్తాడు, ఉండేది పెందుర్తి దగ్గర. ఆ పాట మీద మళ్లీ వార్త వేస్తే ఆయనతో ఒకసారి మాట్లాడించండి. నా నెంబరు ఈ ఉత్తరంతో పాటు విడిగా పంపుతున్నాను, మీ విలేకరి ఫోన్ చేస్తే ఆయన్ని కలుపుతాను. సాయంత్రం నాలుగు తర్వాత అయితే మంచిది, పొద్దున్నపూట ఆయన కూలికి వెళ్తాడు.

ఇట్లు,
ఒక వీడియో ఎడిటర్
మర్రిపాలెం, విశాఖపట్నం