శనివారం మధ్యాహ్నాలు మా షాపులో ఏం జరుగుతోందంటే

కస్టమర్లందరికీ నమస్కారం.

ఈమధ్య శనివారం మధ్యాహ్నం తిరుపతి కొర్లగుంటలోని మా కంప్యూటర్ షాపుకు వచ్చినవాళ్లు ఒక మాట అడుగుతున్నారు. "వెనక గదిలో ఆ పిల్లలంతా ఎవరు? మా ల్యాప్‌టాప్ విప్పేది వాళ్లేనా?" అని. ఒకరిద్దరు "రిపేర్లు లేటవుతున్నది ఇందుకేనా?" అని మొహమాటం లేకుండా అడిగారు. అడగాల్సిన ప్రశ్నలే. కౌంటర్ దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు కాబట్టి ఇలా రాస్తున్నాను.

ఇదంతా విండోస్ 10తో మొదలైంది. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్ట్, అంటే సెక్యూరిటీ అప్‌డేట్లు ఇవ్వడం, ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ప్రాసెసర్ కూడా కాస్త కొత్తది కావాలి. పదేళ్ల నాటి సిస్టమ్‌లలో చాలావాటికి అవి లేవు. మీలో చాలామంది కొత్తవి కొనుక్కుని పాతవి మా దగ్గరే వదిలేశారు. సంక్రాంతి నాటికి వెనక గదిలో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. వాటిని తూకానికి వేయడానికి నాకు మనసొప్పలేదు. పాత హార్డ్ డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కిస్తే ఇంకా కొన్నేళ్లు హాయిగా పనిచేసే సిస్టమ్‌లు అవి.

అదే రోజుల్లో రెజ్యూమె పట్టుకుని షాపుకు వచ్చే పిల్లలూ ఎక్కువయ్యారు. బీటెక్ అయినవాళ్లు, డిప్లొమా వాళ్లు, ఎంసీఏ చేసినవాళ్లు. చెన్నై వెళ్లినా బెంగళూరు వెళ్లినా మొదటి ప్రశ్న "ఎక్స్‌పీరియన్స్ ఎంత?" అనేనట. డబ్బు తీసుకుని దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇస్తామని ఒకచోట చెప్పారని ఒక అమ్మాయి నాతో చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకుంది. అందరికీ ఉద్యోగం ఇచ్చే స్తోమత నాకు లేదు. కానీ చేయాల్సిన పని మాత్రం కళ్లముందే ఉంది. మన చుట్టుపక్కల సేవా సంస్థల్లో కంప్యూటర్ పని తెలిసిన మనిషి లేక ఆగిపోయిన పనులు ఎన్నో ఉన్నాయి. అలా ఆ పాత సిస్టమ్‌లు బాగుచేసి సేవా సంస్థలకు ఇవ్వడానికి, వాళ్ల కంప్యూటర్ పనులు వాలంటీర్లుగా చేసిపెట్టడానికి శనివారం రెండు నుంచి ఆరు వరకు వెనక గదిని ఈ పిల్లలకు ఇచ్చాను. ఇప్పుడు ఏడుగురు వస్తున్నారు. వాళ్ల బస్సు చార్జీలు, టిఫిన్ ఖర్చు మా షాపుదే.

చంద్రగిరి వైపు ఉన్న ఒక వృద్ధాశ్రమానికి మూడు సిస్టమ్‌లు వెళ్లాయి. సిస్టమ్‌ల కంటే వాళ్లకు ఎక్కువ ఉపయోగపడింది విరాళాల లెక్క. 80జీ (దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు) ఉన్న సంస్థలు దాతల పేర్లు, పాన్ లాంటి గుర్తింపు నంబర్లు, ఇచ్చిన మొత్తాలతో ఏటా మే 31లోగా ఆన్‌లైన్‌లో వివరాలు పంపాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయలు కట్టాలి. ఆశ్రమంలో ఆ లెక్కంతా నాలుగు లాంగ్ నోటుబుక్కుల్లో ఉంది. మా పిల్లలు వరుసగా కూర్చుని దాన్ని షీట్‌లోకి ఎక్కించారు. పాన్ లేని దాతలకు ఆశ్రమంవాళ్లే ఫోన్ చేసి కనుక్కునేలా విడిగా ఒక జాబితా తీశారు. ఇంతకుముందు ఎవరో మంచి మనసుతో వాళ్లకు వెబ్‌సైట్ చేసిపెట్టారట. అయితే అది సొంత ఈమెయిల్ మీద చేశారు. ఆయన ఊరు వదిలి వెళ్లాక డొమైన్, అంటే సైట్ అడ్రస్, రెన్యూవల్ చేసే దిక్కు లేక సైట్ పోయింది. అందుకే మా దగ్గర ప్రతి అకౌంటూ సంస్థ పేరు మీదే తెరుస్తాం. పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాసి వాళ్ల బీరువాలో పెట్టించి వస్తాం.

నా మనసుకు బాగా దగ్గరైన పని ఇంకొకటి ఉంది. చూపులేని పిల్లల హాస్టల్ ఒకటి కొన్నేళ్లుగా తెలుగు పాఠాలు టైప్ చేయించి పెట్టుకుంది. అన్నీ పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాత రకం తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. డీటీపీ చేసినవాళ్లకు తెలుసు, ఆ ఫాంట్ ఉన్నంతవరకే అది మన కంటికి తెలుగు. ఫాంట్ తీసేస్తే లోపలున్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఆ పిల్లలు వాడేది ఎన్‌వీడీఏ. చూపులేని యువకుడు మైకేల్ కరన్ 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. స్క్రీన్ మీద ఉన్నదాన్ని చదివి వినిపిస్తుంది, ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తుపట్టే యూనికోడ్‌లో ఉంటే తెలుగు కూడా చదువుతుంది. అను ఫైల్ ఇస్తే మాత్రం అర్థంలేని అక్షరాలు వల్లిస్తుంది. అంటే, అన్నేళ్లు కష్టపడి టైప్ చేయించిన పాఠాలు ఎవరికోసమో వాళ్లకే అందలేదు.

కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చడం నిమిషాల పని. ఆ తర్వాతే అసలు పని మొదలవుతుంది. వత్తులు తారుమారవుతాయి, కొన్నిచోట్ల అసలు ఎగిరిపోతాయి. మొదటి పాఠం పట్టుకుని మా కుర్రాడు హాస్టల్‌కు వెళ్లాడు. తొమ్మిదో తరగతి అమ్మాయి హెడ్‌ఫోన్ పెట్టుకుని, మనకు ఒక్క ముక్క అర్థంకానంత స్పీడులో వింటోంది. ఉన్నట్టుండి ఆపి, వెనక్కి జరిపి, ఇంకోసారి విని, "అన్నా, పదం కాదు, ఇక్కడ పద్యం ఉండాలి" అంది. యవత్తు పోయింది. తెరవైపు చూస్తూ కూర్చున్న మావాడు అదే లైను రెండుసార్లు చదివి కూడా పట్టుకోలేకపోయాడు. ఆ రోజు నుంచి మార్చిన ప్రతి ఫైలూ ముందు ఆ అమ్మాయే వింటుంది, తర్వాతే ఫైనల్ చేస్తాం.

ఇక మా వైపు జరిగిన తప్పు చెప్పాలి. ఫిబ్రవరిలో ఒక కస్టమర్ వదిలివెళ్లిన సిస్టమ్‌లో రెండు డిస్కులున్నాయి. విండోస్ ఉన్నది చెరిపాం, పక్కన ఉన్న పాత హార్డ్ డిస్క్‌ను చూడలేదు. అది అలాగే వెనక గదికి వెళ్లింది. ఒక అమ్మాయి తెరిస్తే పెళ్లి ఫొటోలు, పొలం కాగితాలు, ఆధార్ కాపీలు కనిపించాయి. వెంటనే మూసేసి నా దగ్గరకు తెచ్చింది. బయటికేమీ పోలేదు. అయినా అది పూర్తిగా నా తప్పే. ఆ సాయంత్రమే ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన వచ్చి, కుర్చీలో కూర్చుని, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నిన్ను నమ్మి ఇచ్చాను కదా బాబూ" అన్నారు. ఆ మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు.

ఇప్పుడు పద్ధతి మార్చాం. పాత సిస్టమ్ ఇస్తే డిస్కులన్నీ మీ ఎదురుగానే విప్పి తీస్తాం. కావాలంటే మీరే పట్టుకెళ్లొచ్చు. మాకే ఇస్తే మొత్తం చెరిపి, చెరిపినట్టు సంతకం చేసిన చీటీ ఇస్తాం. మామూలుగా చేసే క్విక్ ఫార్మాట్ పుస్తకంలో విషయసూచిక చింపేయడం లాంటిది, లోపలి పేజీలు అలాగే ఉంటాయి. అందుకే హార్డ్ డిస్క్ అయితే మొదటినుంచి చివరిదాకా సున్నాలు రాయిస్తాం, దానికి గంటలు పడుతుంది. ఎస్ఎస్‌డీకి వేరే కమాండ్ ఉంది.

మీరు రిపేరుకు ఇచ్చిన ల్యాప్‌టాప్‌ను వాలంటీర్లు ముట్టుకోరు. దాన్ని మా ఇద్దరు టెక్నీషియన్లే చూస్తారు. లేటు సంగతి మాత్రం నిజమే, శనివారం మధ్యాహ్నం ఒక టెక్నీషియన్ ఆ పిల్లలకు నేర్పించడానికి కూర్చుంటున్నాడు. అందుకని శనివారం డెలివరీలు ఒంటిగంటలోపే ఇస్తాం, మిగతావి సోమవారం. దీనివల్ల సర్వీస్ చార్జీ పెంచలేదు.

ఇంకొకటి కూడా దాచను. మార్చిలో రద్దీ ఎక్కువై, ఒక లాడ్జిలో నెట్‌వర్క్ కేబుల్ లాగే పనికి వాలంటీర్ కుర్రాడిని పంపాను. సాయంత్రం బిల్లు రాస్తుంటే తెలిసింది నేనేం చేశానో. అది సేవ కాదు, నా వ్యాపారం. టెక్నీషియన్‌కు ఇచ్చే రోజు కూలీ అంతా అతనికి ఇచ్చాను. షాపుకు డబ్బు వచ్చే ఏ పనీ ఇకమీదట ఉచితంగా చేయించను.

పిల్లలకు ఇచ్చే లెటర్‌లో ఉద్యోగం చేశారని రాయం. ఏ సంస్థకు, ఏ పని, ఎన్ని గంటలు చేశారో మాత్రమే రాస్తాం. ఆ సంస్థ కూడా సంతకం పెడుతుంది. కంపెనీవాళ్లు ఫోన్ చేసి అడిగినా టెన్షన్ లేకుండా నిజం చెప్పొచ్చు. దొంగ లెటర్ సంగతి చెప్పి ఏడ్చిన ఆ అమ్మాయికి చెన్నైలో సపోర్ట్ ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో అడిగిందంతా ఆ విరాళాల షీట్ గురించేనట. మిగతావాళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నారు.

హాస్టల్ ఫైళ్లు ఇంకా మూడు పెన్‌డ్రైవ్‌ల నిండా ఉన్నాయి. ప్రూఫ్ చూడటానికి మనుషులు కావాలి. కంప్యూటర్ రాకపోయినా పర్వాలేదు, తెలుగు బాగా వస్తే చాలు. రిటైరైన తెలుగు మాస్టార్లు, టీచరమ్మలు మా కస్టమర్లలోనే చాలామంది ఉన్నారు. ప్రింట్ తీసి పెడతాం, ఎర్ర పెన్నుతో దిద్దండి. శనివారం రెండింటికి మొదలుపెడతాం, నేరుగా వెనక గదిలోకి వచ్చేయండి.