కషాయం సీసా మీద మోతాదు ఏదీ?

సంపాదకులు గారికి నమస్కారం.

తెగుళ్ళకు మొక్కల ఆల్కలాయిడ్లే (మొక్కలు తమలో తయారుచేసుకునే ఒక రకం రసాయనాలు) మందంటూ మీ వ్యవసాయ పేజీలో పది రోజుల కిందట వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. అప్పుడే రాయాల్సింది. టమోటా కోతలు నడుస్తుండటంతో తీరిక దొరకలేదు. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు మదనపల్లె దగ్గర మా మేనల్లుడికి సేద్యంలో సాయంగా ఉంటున్నాను.

వేపలో పురుగుల్ని అణిచే అజాడిరక్టిన్‌ అనే పదార్థాన్ని ఆ వ్యాసంలో ఆల్కలాయిడ్ అని రాశారు. ఆల్కలాయిడ్ అనాలంటే అందులో నత్రజని ఉండి తీరాలి. అజాడిరక్టిన్‌లో నత్రజని లేదు. అది లిమోనాయిడ్లనే చేదు పదార్థాల కోవలోది. ఇంటర్ పుస్తకం ఒకసారి తిరగేసినా ఈ తప్పు పడేది కాదు. ఒకప్పుడు పేపర్లో అచ్చయితే పిల్లలు నమ్మకంగా నోట్సులో రాసుకునేవాళ్ళు. ఆ నమ్మకం పోతోందని బాధగా ఉంది.

అంతకంటే నన్ను కలవరపెట్టింది ఇంకో మాట: ప్రకృతి ఇచ్చినవి కాబట్టి ఇవి మనుషులకు ఏ హానీ చేయవన్నది. గట్ల మీద ముళ్ళాకులతో, పసుపు పూలతో పెరిగే బలురక్కసి అందరికీ తెలుసు. తుంచితే పసుపు పాలు కారతాయి. అందులో బెర్బెరిన్, సాంగ్వినరిన్ అనే ఆల్కలాయిడ్లున్నాయి. బూజుల్నీ, బాక్టీరియానీ అణిచే శక్తి వాటికి నిజంగానే ఉంది. కానీ 1998లో ఢిల్లీలో ఆవనూనెలో కలిసి 60 మంది ప్రాణాలు తీసింది ఈ మొక్క గింజల నూనే. ఒళ్ళు నీరుపట్టి, గుండె దెబ్బతిని పోయారు. అందుకు ముఖ్య కారణం ఆ సాంగ్వినరినే. మీ మాట నమ్మి ఏ రైతో ఉమ్మెత్తాకు వట్టి చేతుల్తో నలిపి, ఆ చేత్తో కళ్ళు తుడుచుకుంటే ఏమిటి గతి?

ఆల్కలాయిడ్లు పనికిరావని నేను చెప్పడం లేదు. జీతమిచ్చిన చదువు అదే, నాకు వాటి మీద ప్రేమ ఉంది. మన టమోటానే చూడండి. ఆకులోనూ పచ్చి కాయలోనూ టొమాటిన్ అనే ఆల్కలాయిడ్ ఉంటుంది. బూజు కణాల పైపొరలో స్టెరాల్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. టొమాటిన్ దాన్ని పట్టుకుని పొరకు తూట్లు పొడుస్తుంది. కాయ పండేకొద్దీ అది తగ్గిపోతుంది. ఇంత చక్కటి ఏర్పాటు ఉన్నా టమోటాకి ఎండు తెగులు ఎందుకొస్తోంది? తెగులు తెచ్చే ఫ్యుజేరియం బూజు టొమాటినేజ్ అనే ఎంజైమ్‌తో ఆ మందునే విరిచేస్తుంది. నారుమడిలో నారుకుళ్ళు తెచ్చే పిథియం అనే సూక్ష్మజీవి సంగతి మరొకటి. దాని పొరలో స్టెరాల్ లేనే లేదు, టొమాటిన్ పట్టుకోవడానికేమీ దొరకదు. అంటే ఏ మొక్క రసం ఏ తెగులు మీద పనిచేస్తుందో ఒక్కొక్కటీ విడిగా తేల్చుకోవాల్సిందే. అన్ని తెగుళ్ళకూ ఒకటే కషాయమన్న మాట సైన్సు ఒప్పుకోదు.

ఇంత వివరంగా రాయడానికి కారణముంది. మా మేనల్లుడు పోయిన పంటలో ఒక షాపులో లీటరు సీసా కొన్నాడు. ‘వనమూలికల ఆల్కలాయిడ్లు, సర్వ తెగుళ్ళ నివారిణి’ అని పైన అచ్చేశారు. అందులో ఏ మొక్క ఉందో, ఎంత శాతమో, కొట్టాక ఎన్నాళ్ళకు కాయ కోయాలో ఒక్క ముక్క లేదు. రిజిస్ట్రేషన్ నంబరు లేదు. బిల్లు అడిగితే ఇవ్వలేదు. వేపమందు సీసా మీద 300 అనో 1500 అనో 10,000 అనో పీపీఎం (పది లక్షల పాళ్ళలో మందు ఎన్ని పాళ్ళో) రాసి ఉంటుంది కదా, దీని మీద ఆ పాటి కూడా లేదు. మూడుసార్లు కొట్టాడు. అర ఎకరా చెట్లు పచ్చగా ఉన్నవి ఉన్నట్టే వాడిపోయాయి.

తర్వాత నేనే ఒక కాండం కోసి గ్లాసు నీళ్ళలో నిలబెట్టాను. కాసేపటికి పాలదారంలా తెల్లగా దిగింది. అది బాక్టీరియా ఎండు తెగులు. వేళ్ళలోంచి ఎక్కే ఆ జబ్బుకి ఆకుల మీద ఏం కొట్టి ఏం లాభం? ఈ పరీక్షకు కావలసింది ఒక కత్తి, ఒక గ్లాసు. ఊళ్ళోకొచ్చిన వ్యవసాయ సిబ్బందిలో ఒక్కరూ అది చేసి చూపలేదు. ఫొటో తీసుకుని, యాప్‌లో పెట్టి వెళ్ళిపోయారు.

సీసా పట్టుకుని ఆఫీసుకు వెళ్తే అది పురుగుమందు కాదు, ఎరువుల వాళ్ళని అడగమన్నారు. ఎరువుల వాళ్ళు తెగులు మందు తమ పరిధి కాదన్నారు. 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం తెగుళ్ళు పోగొడతానని అమ్మే మందుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. 2021లో బయో స్టిమ్యులెంట్లను, అంటే మొక్క ఎదుగుదలకు ఊతమిచ్చే మందులను, ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. రెండు చట్టాలుండి కూడా సీసాని పట్టుకునే చెయ్యి లేదు. బయో మందుల పేరుతో రైతు చేతిలో ఏం పెడుతున్నారో చూసే బాధ్యత ఎవరిదో ఎవరైనా చెబుతారా?

వేపనూనెతో బూజు తెగుళ్ళను అరికట్టే పద్ధతి మీద అమెరికా వ్యవసాయ శాఖకూ, డబ్ల్యూ.ఆర్.గ్రేస్ కంపెనీకీ 1994లో యూరప్ పేటెంటు ఇస్తే, ఇది మా తాతలనాటి విద్య అని మనవాళ్ళు పోరాడారు. 2000లో అది రద్దయింది, 2005లో అప్పీలూ వీగిపోయింది. ఆ రోజు క్లాసులో పిల్లలకు ఎంత గర్వంగా చెప్పానో! అక్కడ గెలుచుకున్న విద్యని ఇక్కడ పరీక్షించి, ఏ తెగులుకి ట్యాంకుకు ఎంత కలపాలో తెలుగులో రాసి రైతుకి ఇవ్వడానికి మన యూనివర్సిటీలకు, శాఖలకు అడ్డమేమిటి?

మీరు చేయగలిగిందీ ఒకటుంది. అజాడిరక్టిన్ గురించి, ‘ఏ హానీ చేయవు’ అన్న మాట గురించి అదే పేజీలో సవరణ వేయండి. మా వాడు వచ్చే నెల మళ్ళీ నారు పోస్తున్నాడు. ఆ వ్యాసం కత్తిరించి, మోటారు షెడ్డు గోడకు అంటించుకున్నాడు. సవరణ వస్తే దాని పక్కనే అంటిస్తాను.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు, మదనపల్లె