వృద్ధులకు కాపడం పెట్టేవారు ఒక్కమాట వినాలి

సంపాదకులకు నమస్కారం.

పోయిన కార్తీకంలో డెబ్బై నాలుగేళ్ల మా అమ్మ మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి మెట్ల దారిన కొండెక్కి, దర్శనం చేసుకుని మరునాడు ఇంటికి వచ్చింది. మోకాళ్లు, పిక్కలు పట్టేసి ఉండటంతో ఆ రాత్రి నొప్పుల మందు రాసి, పొయ్యి మీది నుంచి దించిన నీళ్లను రబ్బరు సంచిలో పోసి, పాత చీర ముక్క చుట్టి కాలి కింద పెట్టాను. "సమ్మగా ఉంది, అట్లే ఉండనీ" అని ఆమె అంటే సరేనని పడుకున్నాను. తెల్లవారి చూస్తే పిక్క మీద అరచేతి వెడల్పున బొబ్బలు, చుట్టూ ఎర్రబారిన చర్మం మీద సంచి గీతలు అచ్చు గుద్దినట్టు కనిపించాయి. ఏళ్ల తరబడి చక్కెర వ్యాధి ఉన్న ఆమెకు కాలిన సంగతే తెలియలేదు. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది.

వయసు పైబడేకొద్దీ చర్మం పలచబడుతుంది, రక్తప్రసరణ మందగించి ఒకచోట చేరిన వేడి త్వరగా చెదిరిపోదు. మధుమేహంతో నరాలు దెబ్బతిన్నవారికి మంట కూడా తెలియదు. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే కాలుస్తాయంటే ఎవరైనా నమ్ముతారు గానీ, 44 డిగ్రీల వేడి సైతం గంటల తరబడి ఒకేచోట తగిలితే చర్మాన్ని కాల్చగలదని నాకు ఆసుపత్రిలో చెప్పేదాకా తెలియదు. అంటే, పెద్దవాళ్లు సమ్మగా ఉందని చెప్పే వేడి కూడా రాత్రంతా ఉంచితే ప్రమాదమే. అందుకే వాళ్ల మాటను బట్టి కాక, మన చేతితోనూ కంటితోనూ చూసి కాపడం పెట్టాలి.

మరిగే నీళ్లు సంచిలో పోయకూడదు. మూడింట రెండు వంతులే నింపి, గాలి వత్తేసి, మందపాటి తువ్వాలు చుట్టి, ముందు మన మణికట్టు లోపలి వైపున ఆనించి చూసుకోవాలి. కాలి మీద పెట్టాలే తప్ప కాలి కింద పెట్టకూడదు. పదిహేను నిమిషాలు చాలు. ఆ కాసేపట్లోనూ అయిదు నిమిషాలకోసారి ఎత్తి చర్మం రంగు చూడాలి. నొప్పుల మందు రాసిన చోట కాపడం వద్దు. పెనం మీద వేయించిన ఉప్పు మూట మరిగే నీళ్లకన్నా వేడిగా ఉండవచ్చు కనుక దానితో మరింత జాగ్రత్త అవసరం. స్పర్శ తగ్గిన మధుమేహుల పాదాలకు అసలు కాపడమే పెట్టకూడదు. ఒకవేళ కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద ఉంచాలి గానీ పసుపు, టూత్‌పేస్టు పూయకూడదు, బొబ్బలు చిదమకూడదు.

నేను కొన్న సంచితో వచ్చిన కాగితంలో ఒక్క తెలుగు అక్షరం లేదు. మందుల దుకాణాలవారు ఈ జాగ్రత్తలను తెలుగులో అచ్చువేసి సంచితోపాటు ఇవ్వాలని, ఇళ్లకు వచ్చే ఆశా కార్యకర్తలూ, ఒకటో తేదీన పింఛను తెచ్చే సచివాలయ సిబ్బందీ వృద్ధుల ఇంట్లోవారికి ఈ సంగతి చెప్పాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, తిరుపతి