చట్నీ కవరు నాదే

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావురా? ఫోన్ చేద్దామనుకున్నా గానీ, ఈ సంగతి చెబితే మధ్యలోనే పగలబడి నవ్వుతావని ఉత్తరం రాస్తున్నా.

మొన్న ఆదివారం ఇడ్లీ పార్సిల్ తెస్తుంటే రోడ్డంతా జనం. బట్టల షాపు ఓపెనింగ్‌కి ఎవరో హీరో వస్తున్నాట్ట. పనీపాటా లేని మంద అని గొణుక్కుంటూ పక్క సందులోకి జారుకోబోయా. ఇంతలో కారు సన్‌రూఫ్‌లోంచి ఆయన లేచి నిలబడ్డాడు. అంతే! చేతిలో చట్నీ కవరుందన్న ధ్యాస కూడా లేకుండా చెయ్యెత్తి ఊపేశాను. ఆయనా ఇటు తిరిగి చెయ్యూపాడు. నాకే అనుకున్నా. పక్కనున్న కుర్రాడు "అన్న నన్నే చూశాడ్రా!" అని గంతులు. వాడి మీద నిజంగానే ఒళ్లు మండింది. నలభై రెండేళ్లొచ్చి, చొక్కా మీద అల్లం చట్నీ, కడుపులో కుళ్లు!

దీనికో పేరుందిరా. 1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు రేడియోలో, టీవీలో కనిపించేవాళ్లతో జనం పెంచుకునే చుట్టరికం గురించి రాస్తూ దాన్ని 'పారాసోషల్' అన్నారు. ఒంటిచేతి చుట్టరికం అనుకో. వాళ్లింట్లో పెళ్లి ఎప్పుడో మనకు తెలుసు, మనమున్నట్టే వాళ్లకు తెలీదు. తిరుపతి యాత్ర బస్సులు అట్నుంచి అటే మద్రాసులో ఎన్టీఆర్ ఇంటి ముందు ఆగేవని మా నాయనమ్మ చెప్పేది కదా, అదే ఇది. వెండితెర మీద కృష్ణుడూ, వెంకన్నా ఆయన మొహంతోనే కనిపించారు మరి. 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యాడు. అలాగని జనం వెర్రివాళ్లేం కాదు. 1989లో అదే మనిషి కల్వకుర్తిలో ఓడిపోయాడు. దండం దండమే, ఓటు ఓటే.

నాకు బాగా నచ్చింది మాత్రం రాబర్ట్ చాల్దీనీ అనే సైకాలజిస్టు 1976లో అచ్చువేసిన పరిశీలన. అమెరికాలో తమ యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్ గెలిచిన తర్వాతి సోమవారం కుర్రాళ్లు ఆ పేరున్న బట్టలు ఎక్కువగా వేసుకొచ్చేవారట. గెలిస్తే "మేం గెలిచాం", ఓడితే "వాళ్లు ఓడిపోయారు"! చదవగానే నువ్వే గుర్తొచ్చావు. మీ అమ్మ తోడుపెట్టడానికి కాచి ఉంచిన పాలు తీసుకెళ్లి కటౌట్ మీద పోసొచ్చినవాడివి కదా. హిట్టయితే "మన సినిమా వంద రోజులు", పోతే "డైరెక్టరు ముంచేశాడు". అసలు మనకి కావాల్సింది హీరో కాదేమోరా, ఆ గెలుపులో ఓ పిడికెడు వాటా. మన జీతాలకీ, మన ప్రమోషన్లకీ ఎవడు టపాకాయలు కాలుస్తాడు చెప్పు?

సరే, అసలు సంగతి. ఆ కుర్రాడు వీడియో తీశాడు. సిగ్గు విడిచి నంబరిచ్చి పంపించుకున్నా. ఆయన చూపు మా ఇద్దరి నెత్తి మీదుగా వెనక మేడ మీదికి పోతోంది. అక్కడ ఎవరో పాప చెయ్యి ఊపుతోంది. అయినా ఇంకా డిలీట్ చెయ్యలేదు. నీకూ పంపిస్తాలే, పదకొండో సెకను దగ్గర ఆపి చూడు. ఎడమపక్కన గాల్లో ఊగుతున్న చట్నీ కవరు నాదే.

మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

నీ
మామ